అత్తమ్మకు నచ్చిన ఆవుల ట్రాక్

మా ఇంట్లో కార్ట్ రేసుల వీడియో గేమ్ ఆడేది ఇద్దరమే, నేనూ ఆరో తరగతి చదివే నా కూతురూ. పోట్లాట మాత్రం ముగ్గురి మధ్య. ఆ మూడో మనిషి మా అత్తమ్మ. కంట్రోలర్ ముట్టుకోదు. మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుని, మేం ఆడినంతసేపూ మా ఇద్దరినీ తిడుతుంది. ఏ ట్రాక్ పెట్టాలన్న దగ్గరే మొదలవుతుంది మా గొడవ.

ఈ ఆట ఒక్కటి కాదు, ఏళ్ల తరబడి ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంది. మా తమ్ముడికి ఈ పిచ్చి ఎక్కువ. కొత్తది కొన్నప్పుడల్లా పాతది తెచ్చి మా ఇంట్లో పడేస్తాడు. అలా పాత ట్రాకులూ కొత్త ట్రాకులూ అన్నీ మాకు కొట్టిన పిండి. బొమ్మల మనుషులు బుడ్డబుడ్డ కార్లలో కూర్చుని, ఒకరి దారిలో ఒకరు అరటి తొక్కలు పడేసుకుంటూ మూడు చుట్లు తిరగాలి. అంతే ఆట. ఆ మూడు చుట్లకే నేను గొంతు పోయేలా అరుస్తాను. పక్కవాటా వాళ్లు మొదట్లో అత్తాకోడళ్ల కొట్లాట అనుకునేవాళ్లట.

నాకు ఇష్టమైనది ఫ్యాక్టరీ ట్రాక్. కన్వేయర్ బెల్టుల మీద అట్టపెట్టెలు వస్తుంటాయి, పైనుంచి ఇనుప దిమ్మెలు దబీమని పడుతుంటాయి, ఆ సందుల్లోంచి దూరిపోవాలి. నేను నాచారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ లైన్ మీద పనిచేస్తాను. మాత్రల పట్టీలూ క్యాప్సూల్స్ పట్టీలూ బెల్టు మీద వరసగా వస్తుంటే, ఏ గుంటలోనైనా మాత్ర లేకపోయినా విరిగి ఉన్నా ఆ పట్టీని తీసి పక్కన పడేయాలి. గుంటలు చాలా ఖాళీగా వస్తే లైనే ఆపించాలి. పొద్దంతా ఆ బెల్టు ముందు కదలకుండా కూర్చునేదాన్ని, ఇంటికొచ్చి అలాంటి బెల్టు మీదే కారెక్కి తోలుతుంటే నాకు కక్ష తీర్చుకున్నట్టు ఉంటుంది. "డ్యూటీల బెల్టే, ఇంట్ల బెల్టే, నీకు ఇంకోటి దొరకదా మమ్మీ" అంటుంది నా కూతురు.

దానికేమో ఆకాశంలో వేలాడే రంగురంగుల రోడ్డు కావాలి. రోడ్డుకు ఇటు గోడ లేదు, అటు గోడ లేదు. కాస్త పక్కకు జరిగితే పాతాళమే. నేను ఆ ట్రాక్ మీద నాలుగు మలుపులు కూడా నిలవలేను. "నీకు భయం కాదానే" అంటే, "ఆఫీసులు ఇడిశే టైముల ఉప్పల్ చౌరస్తల నీ స్కూటీ ఎనక కూసుంట. నాకు దీంట్ల ఏం భయం" అని నా మొహం మీదే చెప్పింది. నోరు ఎవరి పోలికో చెప్పక్కర్లేదు.

అత్తమ్మకు ఈ రెండూ పట్టవు. ఆమెకు ఆవుల ట్రాక్ కావాలి. పచ్చటి గడ్డి, చెక్క కంచె, మట్టిరోడ్డు, ఆ రోడ్డుకు అడ్డంగా తీరిగ్గా నడిచే తెల్లమచ్చల ఆవులు. అత్తమ్మ పుట్టిల్లు కీసర దగ్గర. ఆవుల మధ్య పెరిగిన మనిషి, అందుకే చూడముచ్చటగా ఉంటుందేమో అనుకునేదాన్ని. రేసులో ఎవరు ముందున్నారో ఆమెకు తెలియదు, అక్కర్లేదు. ఆమె కళ్లు ఆవుల మీదే. పొరపాటున కారు ఆవుకు తగిలిందో, ఇక ఆట ఆగాల్సిందే.

"తాకినవ్. చెంపలేసుకో."

మూడో చుట్టులో మొదటి స్థానంలో ఉన్నా సరే, నా కూతురు ఆట ఆపి, కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని, రెండు చెంపలూ టపటపా వేసుకుని, మళ్లీ మొదలుపెట్టేది. నేను మాత్రం ఎప్పుడూ వేసుకోలేదు. "అది బొమ్మ అత్తమ్మా" అనేదాన్ని.

"బొమ్మైతేంది? బొమ్మకు మొక్కుతలేమా?" అనేది. నేను టీవీ సౌండ్ పెంచేదాన్ని.

పోనీ మడీ ఆచారం ఉన్న మనిషా అంటే, అదీ కాదు. ఆదివారం మటన్ వండితే నల్లి బొక్క ఆమె గిన్నెలోనే పడాలి. లేకపోతే ఆ పూటంతా మూతి ముడుచుకునే ఉంటుంది. అందుకే ఈ చెంపలేసుకోవడాన్ని నేను ముసలామె ముచ్చటగానే చూశాను. అంతకు మించి అందులో ఏమైనా ఉంటుందని నాకు తోచనే లేదు.

కిందటేడు ఎండాకాలం చివర్లో అత్తమ్మకు గుండెపోటు వచ్చింది. ఏఎస్ రావు నగర్‌లో గుండె దవాఖానాకు తీసుకుపోతే స్టెంట్ వేశారు. ఇంటికి పంపేరోజు డాక్టరు ఒక పట్టీ తీసి నా కళ్ల ముందు ఆడించాడు. సగం ఎరుపు, సగం పసుపు ఉన్న క్యాప్సూల్. "మిగతావి ఎలాగున్నా, ఇది మాత్రం ఒక్కరోజు కూడా ఆపొద్దు. ఆపితే లోపల వేసిన గొట్టం మూసుకుపోతుంది. అప్పుడు నా దగ్గరికి తెచ్చేంత టైము కూడా మీకు ఉండదు" అన్నాడు. ఆ మాట నా చెవుల్లో గూడు కట్టుకుంది. మా ఆయనకు షిఫ్టు డ్యూటీలు, ఆయన మీద పెడితే అయ్యే పని కాదు. మందుల బాధ్యత నేనే నెత్తిన వేసుకున్నాను.

పొద్దున టిఫిన్ అయ్యాక, నేను నాచారం బయల్దేరే ముందు, ఆమె అరచేతిలో బీపీ మాత్ర, షుగర్ మాత్ర, ఆ క్యాప్సూల్ పెట్టేదాన్ని. నీళ్లు తాగి గుటక వేసేదాకా ఎదురుగా నిలబడేదాన్ని. పట్టీలో ఖాళీ అయిన గుంటను ఒకసారి వేలితో నొక్కి చూసుకుని స్కూటీ ఎక్కేదాన్ని. డ్యూటీలో ఖాళీ గుంట కనిపిస్తే నాకు ఒళ్లు మంట. ఇంట్లో ఖాళీ గుంట కనిపిస్తే ప్రాణం హాయిగా ఉండేది. "నా అంత పద్ధతిగా మందులేసే కోడలు ఈ గల్లీల లేదు" అని మా ఆయనతో గొప్పలు కూడా పోయాను.

ఈ చలికాలం మా తమ్ముడు ఇంకో ఆట తెచ్చాడు. అదే వరసలోది, కానీ ఇది వేరే వింత. కారు నిజంగానే ఉంటుంది, అరచేతి కంటే కాస్త పెద్దది. దాని నెత్తిన చిన్న కెమెరా. అట్టతో చేసిన గేట్లు నాలుగు ఇస్తారు. వాటిని ఇంట్లో మనకిష్టమైన చోట నిలబెడితే అదే ట్రాక్. కారు నిజం నేల మీద ఉరుకుతుంటే, కెమెరాకు కనిపించేదంతా టీవీలో కనిపిస్తుంది. దాని మీద ఆటలోని బంగారు కాయిన్లూ, పోటీ కార్లూ బొమ్మలుగా వచ్చి చేరతాయి. చెబితే నమ్మలేదు నేను. కారు మొదటిసారి మా వంటింటి గడప దగ్గరికి పోయినప్పుడు, టీవీలో గ్యాస్ సిలిండర్ సినిమా హాలంత ఎత్తున కనిపించేసరికి కెవ్వుమన్నాను.

అప్పట్నుంచి మా ఇల్లే మా ట్రాక్. కూతురు వాటికి పేర్లు కూడా పెట్టింది. వంటిల్లు ఘాట్ రోడ్డు. దివాన్ కింద సొరంగం. చెప్పుల స్టాండు దగ్గర ఇరుకు సందుకు ఉప్పల్ చౌరస్తా అని పేరు. నేల మీంచి చూస్తే ఇల్లు ఎంత మురికిగా ఉందో చూసి సిగ్గుపడి, ఒకసారి ఆట మధ్యలో ఆపి చీపురు పట్టాను. అత్తమ్మ కాళ్లు దారిలోకి వస్తే మడమల పగుళ్లు టీవీ నిండా కనిపించేవి. "నా కాళ్లు టీవీల సూపెడుతున్నరేందే, ఇజ్జత్ లేకుంట" అని కాళ్లు మంచం మీదికి లాక్కునేది. ముగ్గురం పడీపడీ నవ్వేవాళ్లం.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. అన్నాలు తిన్నాం. కూతురు కొత్త ట్రాక్ వేసింది. హాల్లోంచి అత్తమ్మ గదిలోకి, మంచం కిందనుంచి, మళ్లీ హాల్లోకి. అత్తమ్మ మంచం మీద కూర్చుని గుమ్మంలోంచి టీవీ చూస్తోంది. నేను రెండుసార్లు ఓడాను. నాకు ఓడితే తిక్క రేగుతుంది. మంచం చుట్టూ తిరిగి రావడం కంటే, మంచం పక్క మూలనున్న రేకు బీరువా కిందనుంచి కోసుకుపోతే దగ్గర దారి అని కనిపెట్టాను. మేముండేది కింది వాటా. వానాకాలం గల్లీలో నీళ్లు ఇంట్లోకి వస్తాయని బీరువాను ఇటుకల మీద ఎత్తి పెట్టాం. కారు దూరేంత సందుంది. చీపురు ముందు సగం దాకా పోతుంది, వెనక సగం ఎవరూ చూసింది లేదు.

కారు అటు తిప్పానో లేదో, అత్తమ్మ లేచి నిలబడింది.

"అటొద్దు. అటు పోనియ్యకు."

"ఎందుకు నానమ్మ?" అంది నా కూతురు.

"బల్లులుంటయ్. బొద్దెంకలుంటయ్. ఎనకకు తిప్పుమన్నగద!"

వద్దంటే ఆగే రకమా నేను! "ఉండత్తమ్మా, ఈసారి గెలుస్త" అని కారు నేరుగా బీరువా కిందికి పోనిచ్చాను.

టీవీలో ముందు చీకటి. పక్క కిటికీ వెలుగు ఇటుకల సందుల్లోంచి చారలుగా పడుతోంది. దుమ్ము, ఒక పాత పిన్నీసు, సాలెగూడు. ఆ వెనక, గోడ మూలన, ఎర్రగా పసుప్పచ్చగా ఏవో కుప్ప.

"మమ్మీ! కొత్త కాయిన్లు! రంగువి! పట్టు పట్టు!" అని కూతురు ఎగిరింది.

నేనూ కాయిన్లే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను, ఇప్పటికీ తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. వాటి మీదికి ఉరికించాను. కాయిన్ తగిలితే రావాల్సిన టింగుమన్న చప్పుడు రాలేదు. కుప్ప కదిలింది. కొన్ని దొర్లాయి. ఒకటి దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా కెమెరా ముందు ఆగింది. టీవీ నిండా అదే. సగం ఎరుపు, సగం పసుపు.

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. కంట్రోలర్ కింద పెట్టేశాను.

వెనక్కి తిరిగి చూశాను. అత్తమ్మ టీవీ వైపు చూడడం లేదు. గోడ వైపు చూస్తోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు తెలిసింది నాకు.

నేల మీద బోర్లా పడుకుని, చీపురు తిప్పి పట్టుకుని వాటిని బయటికి లాగాను. కొన్ని చెమ్మకు ఒకదానికొకటి అంటుకుపోయాయి, కొన్ని మెత్తబడి పగిలాయి. తెల్లమాత్ర ఒక్కటీ లేదు. బీపీదీ లేదు, షుగర్దీ లేదు. అన్నీ ఆ క్యాప్సూల్సే. దవాఖానా నుంచి వచ్చిన కొత్తలోవి కూడా ఉన్నాయని వాటి మాసిన రంగే చెబుతోంది. లెక్కపెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. ఏది ఒక్కరోజు కూడా ఆపొద్దన్నాడో, అది ఆమె కడుపులోకి పోనే లేదు.

"ఏందత్తమ్మా ఇది? ఏందిది?" అని అరిచాను. "రోజూ నా కండ్ల ముందట మింగినవ్ గదా! నీళ్లు తాగినవ్ గదా! సచ్చిపోదామనుకున్నవా? మమ్ములనేం జేద్దామనుకున్నవ్?"

నా కూతురు ఏడుపు మొదలుపెట్టింది. నేను ఇంకా ఏమేమో అన్నాను. అంత కోపంలోనూ డాక్టరు మాట చెవుల్లో మోగుతూనే ఉంది. తెచ్చేంత టైము కూడా ఉండదు. చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే గల్లీ చివరికి ఉరికి ఆటో పట్టుకొచ్చాను.

నాచారం, మల్లాపూర్ మీదుగా ఏఎస్ రావు నగర్ పోవాలి. ఆదివారం కాబట్టి రోడ్డు ఖాళీగా ఉండాలి. ఏదీ? నాచారం దగ్గర ఏదో పెళ్లి బారాత్, బ్యాండు, రోడ్డు సగం వాళ్లదే. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా అత్తమ్మ ఛాతీ వైపు చూశాను, ఊపిరి ఆడుతోందా అని. ఆటలో కారు పాతాళంలో పడినా ఎవరో మేఘం మీద వచ్చి ఎత్తి మళ్లీ రోడ్డు మీద పెడతారు. ఇక్కడ ఎవరు ఎత్తుతారు? ఎందుకో అదే ఆలోచన పట్టుకుని వదల్లేదు. "నాకేం కాలె. మంచిగనే ఉన్న. ఊకె అందర్ని పరేషాన్ జేస్తున్నవ్" అంటుంది అత్తమ్మ. "నోరు ముయ్" అన్నాను. కోడలిగా వచ్చాక ఆమెను ఆ మాట అన్నది అదే మొదలు. ఆమె నిజంగానే నోరు మూసుకుంది. దాంతో నాకు ఇంకా భయం వేసింది.

దవాఖానాలో ఈసీజీ తీశారు, ఎకో చేశారు, రక్తం తీసుకున్నారు. ప్లాస్టిక్ కవర్లో నేను తెచ్చిన కుప్ప చూసి డ్యూటీ డాక్టరు నిలువునా నీరయ్యాడు. "ఇవేవీ మింగలేదా? మరి ఈమె ఎలా తిరుగుతోంది?" అని నన్ను అడుగుతాడు! ఇప్పటికైతే గుండె బాగానే కొట్టుకుంటోంది, పొద్దున లోపలికి తీగ పంపి చూస్తాం, అప్పటిదాకా ఏమీ చెప్పలేం అన్నాడు. "ఎందుకు మింగలేదమ్మా?" అని ఆమెను అడిగాడు. అత్తమ్మ పైన తిరిగే ఫ్యాను వైపు చూసింది.

ఆయన పోయాక, కూతురిని నీళ్ల సీసా తెమ్మని పంపాను. స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. అరిచే ఓపిక అయిపోయింది. "చెప్పత్తమ్మా. నామీద కోపమా?" అన్నాను.

"నీ మీద కోపమెందుకే?"

"మరి?"

"నువ్వే జెప్పినవ్ గద" అంది.

"నేనేం చెప్పిన?"

"గా దినం. పిల్ల అడిగింది. గోళీ మీద తొడుగు ప్లాస్టికా అని."

నాకు గుర్తొచ్చింది. ఆమె దవాఖానా నుంచి వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం. కూతురు స్కూల్ పని రాసుకుంటూ, క్యాప్సూల్ పైన ఉండేది ప్లాస్టికా మమ్మీ, కడుపులో ఎలా కరుగుతుంది అని అడిగింది. నా పని గురించి ఇంట్లో ఎవరైనా అడిగితే నేను ఊరుకుంటానా? పెద్ద టీచరమ్మలా చెప్పుకొచ్చాను. ప్లాస్టిక్ కాదే, పశువుల బొక్కలూ తోలూ ఉడకబెట్టి తీసిన జిగురుతో చేస్తారు, చాలావాటికి అంతే అని. అత్తమ్మ అక్కడే కూర్చుని తోటకూర తుంచుతోంది. ఆమె చేయి ఆగిందేమో, నేను చూడలేదు. ఆ కూర బాగా కుదిరిందని మాత్రం గుర్తుంది.

నా నోటినుంచి ఎంత పిచ్చి మాట వచ్చిందంటే, "ఆదివారం ఆదివారం నల్లి బొక్క పీలుస్తవ్ గదా అత్తమ్మా!" అన్నాను.

"మ్యాక ఏరు, ఆవు ఏరు" అంది, అంతే తేలిగ్గా.

"ఆవుదే అని ఎవరన్నరు? బర్రెది అయ్యుండొచ్చు గదా!"

"బర్రె పాలు తాగి పెరగలేదా నీ బిడ్డ?"

ఈమెతో నేనెప్పుడు గెలిచాను కనుక! మింగినట్టే ఎలా చేశావని అడిగితే, దవడ చూపించింది. ఏళ్లపాటు వక్క పెట్టుకున్న దవడ. వక్క నోట్లో ఉన్నట్టు ఎదుటి మనిషికి తెలియకుండా మాట్లాడగలదు, నవ్వగలదు, నీళ్లు తాగగలదు. గుండెపోటు వచ్చాక వక్క మానిపించి, ఆ చోటు ఖాళీగా ఉందని నేను సంబరపడ్డాను. నేను స్కూటీ స్టార్ట్ చేసేలోపు క్యాప్సూల్ బయటికి వచ్చేసేదన్నమాట.

"చెత్తడబ్బాల ఎందుకెయ్యలె?"

"చెత్తల ఎట్లేస్తరే? అదిగూడ ఆవు ఒళ్లే గద. ఎవరి కాలికన్న తాకుతది. ఎప్పుడన్న పారే నీళ్లల్ల కలుపుదామని పెట్టిన. ఉప్పల్ల యాడున్నయ్ పారే నీళ్లు, మూసీ తప్ప? అండ్ల ఎయ్యబుద్ధి కాలె."

నవ్వాలో ఏడవాలో తెలియని స్థితి అది. పక్క మంచం పేషెంటు మా వైపే చూస్తోంది. నేను గొంతు తగ్గించి, పళ్ల మధ్యనుంచి అన్నాను. "నాతోని ఒక్క మాట చెప్పొచ్చు గదా. నీకు అది మింగబుద్ధి కాకపోతే, ఇది వద్దే, ఇంకోటి తే అంటే అయిపోయేది గదా. ప్రాణం మీదికి తెచ్చుకుంటరా?"

అప్పుడు చూసింది నా మొహంలోకి.

"ఎట్ల జెప్పాలె? పొద్దున లేస్తె నువ్వు పొయ్యి జేసే పనే అది. గా పని పాపమని నా నోట్లెకెల్లి ఎట్లొస్తది బిడ్డా? నువ్వు కష్టం జేసి తెచ్చిన బువ్వ తినుకుంట, నీ పనిని ఎట్ల అంట?"

ఇంటి ముందు ఎవరైనా చెత్త వేస్తే గల్లీ గల్లీకి వినపడేలా తిట్టే మనిషి. నేను చేసిన పప్పులో ఉప్పు తక్కువైతే పక్కింటి దాకా చెప్పే మనిషి. నన్ను ఒక్క మాట అనడానికి నోరు రాక, రోజుకో క్యాప్సూల్ చొప్పున చావును బీరువా కింద దాచిపెట్టుకుంటూ వచ్చింది. నేనేమో ఖాళీ గుంటను వేలితో నొక్కి చూసుకుని హాయిగా పోయాను. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఆగలేదు, నేనూ ఆపలేదు.

పొద్దున తీగ పంపి చూశారు. గొట్టం మూసుకోలేదు. కానీ అంచున పేరుకోవడం మొదలైందని, ఇంకొన్నాళ్లు ఇలాగే గడిచి ఉంటే చేయగలిగింది ఏమీ ఉండేది కాదని డాక్టరు చెప్పాడు. కారణం నేను చెబితే, ఆయన కలం అందుకున్నాడు. "ఇంతేనా? ఆ క్యాప్సూల్లో ఉన్న రెండు మందులూ విడిగా మామూలు మాత్రల్లో ఉన్నాయి కదా" అన్నాడు. చీటీ మీద రెండు గీతలు గీశాడు, పని అయిపోయింది. అన్నిటికంటే నన్ను దెబ్బ కొట్టింది అదే. అందులో ఒకటి మా లైను మీద రోజూ నా కళ్ల ముందునుంచి పోయే తెల్లమాత్ర.

ఇంటికి వచ్చాక అత్తమ్మ ఆ కవర్లోని కుప్పనంతా బంతిమొక్క ఉన్న పెద్ద కుండీలో గొయ్యి తీసి పాతిపెట్టింది. పాత మందులు అలా పాతిపెట్టకూడదని నాకు తెలుసు. కంపెనీలో దానికి వేరే పద్ధతి ఉంది. అయినా మట్టి కప్పడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. మర్నాడు డ్యూటీకి పోవడానికి కాళ్లు రాక గుమ్మంలో నిలబడితే, ఆమే నా టిఫిన్ డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. "పోవే, ఆలస్యమైతది" అంది. పోయాను. ఎర్ర పసుపు క్యాప్సూల్స్ బెల్టు మీద వస్తూనే ఉన్నాయి. చూస్తూనే ఉన్నాను. నా పని అదే.

తర్వాతి ఆదివారం అన్నాలయ్యాక, నా కూతురు అలవాటుగా ఆకాశం రోడ్డు పెట్టబోయి ఆగింది. నానమ్మ వైపు చూసి ఆవుల ట్రాక్ పెట్టింది. కంట్రోలర్ నాకిచ్చింది. అత్తమ్మ కొత్త మాత్రలు వేసుకుని, మేం అడగకుండానే నోరు తెరిచి, నాలుక ఎత్తి, రెండు దవడలూ వేలితో లాగి మాకు చూపించి, హాల్లో నా వెనక దివాన్ మీద కూర్చుంది.

ఆ రోజు నేను గెలవాలని తోలలేదు. ఆవు కనిపిస్తే చాలు బ్రేక్ వేశాను. పన్నెండు కార్లలో పన్నెండో దాన్ని. అయినా ఆఖరి చుట్టులో, వెనకనుంచి ఎవడో గుద్దితే నా కారు జారిపోయి ఒక తెల్లమచ్చల ఆవు డొక్కకు తగిలింది. అది ఒక్కసారి ఊగి, మళ్లీ తీరిగ్గా నడుచుకుంటూ పోయింది. కూతురు నా వైపు, నానమ్మ వైపు చూస్తోంది.

కంట్రోలర్ పక్కన పెట్టాను. టీవీ వైపు తిరిగి చెంపలు వేసుకున్నాను. ఒకసారితో ఆగలేకపోయాను. మళ్లీ వేసుకున్నాను. మళ్లీ.

దివాన్ మీంచి అత్తమ్మ చేయి వచ్చి నా చేయి పట్టుకుంది.

"సాలు తియ్యే" అంది. "ఆవుకు గంతగనమేం తాకలె."